తొమ్మిదీ పదిహేను

ఆ శుక్రవారం మెయిలు అందరికీ వచ్చింది,
పశువైద్యుడు ఒలివేరా పేరుతో,
ఆయన సంతకం కింద ఎప్పుడూ ఉండే ఆవు బొమ్మతో సహా.
"గాలికుంటు పరీక్షల ఫలితాలు. సాయంత్రంలోగా చూసి ధ్రువీకరించండి."
ఉరుగ్వేలో, మా పాల సహకార సంఘంలో
గాలికుంటు అన్న మాట చాలు,
చెయ్యి దానంతటదే కదులుతుంది.

నాలుగూ నలభైకి నెలిదా ఎచెగరాయ్ నొక్కింది.
తెర ఒక్కసారి రెప్ప వేసింది.
ఖాళీ పేజీ. ఫలితాల్లేవు, ఆవుల్లేవు.
నాలుగూ యాభై రెండుకి ఫోనెత్తి
కింది అంతస్తులో సర్వర్లు చూసే ఫాబియోతో అంది:
"ఏదో తెలివితక్కువ పని చేశాను.
ఏమిటో నాకే తెలీదు. త్వరగా చూడు."

అతను పరుగెత్తి తీగలు పీకేసరికి
సగం పోయింది.

తెల్లారి మిగిలిన తెరలన్నిటి మీదా ఒకటే ఎర్ర ఉత్తరం.
ఎంత మర్యాదో! ప్రతి వాక్యంలోనూ "మీరు", "దయచేసి".
మా ఫైళ్ళు వాళ్ళ దగ్గర క్షేమమట.
అరవై గంటల గడువట.

ఆవులకి ఈ గడువు ఎవరు చెబుతారు?
పొదుగు పాస్‌వర్డు అడగదు.
ఐదింటికల్లా ట్యాంకర్లు వచ్చేశాయి
గేటు నుంచి రైలు పట్టాల దాకా, పదిహేడు.
తూకం యంత్రం మూగది. వెన్న శాతం చెప్పే పెట్టె మూగది.
ఏ పాలు ఎవరివో, ఏవి పరీక్ష దాటాయో
చెప్పే దిక్కు లేదు.
మధ్యాహ్నం రెండింటికి మొదటి ట్యాంకరు తూము విప్పారు.
తెల్లటి నురగ మురుగ్గుంటలోకి దిగుతుంటే
డ్రైవరు అనాక్లేతో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు,
ఎవరిదో శవం దాటి వెళ్తున్నట్టు.

సోమవారం నెలిదా బల్ల మీద
ఎవరో ఖాళీ పాలపొడి డబ్బా పెట్టారు.
భోజనాల గదిలో ఆమె బల్ల ఆమెకే మిగిలింది.
నేనూ కిటికీ పక్కకి మారి తిన్నాను.

మూడో వారం నిపుణురాలు వచ్చింది, రొమీనా స్తాబిలే,
జలుబుతో, జేబు నిండా రుమాళ్ళతో.
గోడ మీద పట్టిక వేసింది. పేర్లు లేవు, సమయాలే.
"ఎర మింగింది ఒక్కరు కాదు, నలుగురు.
దొంగ తొమ్మిదీ పదిహేనుకే లోపలికొచ్చాడు.
సాయంత్రం దాకా మీ గదులన్నీ తీరిగ్గా తిరిగి చూసుకున్నాడు.
ఫోన్ చేసింది మాత్రం ఒక్కరు.
ఆవిడా ఊరుకునుంటే
ఆ మిగిలిన సగమూ మీకు దక్కేది కాదు.
రైతుల బాకీల లెక్కలు అందులోనే ఉన్నాయి."
తుమ్మింది. క్షమించమంది.

గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనలేదు.
నా చెయ్యి మాత్రం భుజం మీదికి పోయింది.

తొమ్మిదీ పదిహేనుకి
నా చేతిలో మాతే బుర్ర ఇంకా వేడిగా ఉంది.
తెర రెప్ప వేయడం నేనూ చూశాను.
ఆ పేజీ మూసేశాను, మెయిలు చెరిపేశాను,
తేలు కుట్టిన దొంగలా
రోజంతా ఇన్‌వాయిసులు టైపు చేశాను.
ఫాబియో నంబరు నా ఫోను మీదే అంటించి ఉంది,
పసుపు చీటీ మీద, నాలుగే నాలుగంకెలు.
మా తాళాల గురించి ఆ దొంగకి ఎంత తెలుసో గానీ
అరవని నా నోటి గురించి
బాగా తెలుసు.

అందరూ వెళ్ళాక నెలిదా బల్ల దగ్గరికి వెళ్ళాను.
వారం నుంచీ కూడబలుక్కున్న వాక్యాలన్నీ ఎటు పోయాయో,
"తొమ్మిదీ పదిహేను" అన్నాను. అంతే.

ఆమె ఫ్లాస్కు మూత తిప్పుతూనే ఉంది.
"ఆ రోజు నీ మాతే చల్లారిపోయింది.
నువ్వెప్పుడూ చల్లారనివ్వవు" అంది.

బుర్రలో వేన్నీళ్ళు పోసి నా వైపు జరిపింది.
తర్వాత ఫోను కూడా జరిపింది.